సింహాసనం కారు, ఏడో నిజాం

సాయంత్రం పూట మన మాధవరం బస్ స్టాండ్‌లో నిలబడితే నెల్లూరు వైపు, తిరుపతి వైపు వెళ్ళే బస్సులు వరసగా కనిపిస్తాయి. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు మనలో చాలామందిమి ఎక్కేది అక్కడే. ఆ ఆర్టీసీ బస్సుల నంబరు ప్లేట్లు ఎప్పుడైనా గమనించారా? చాలా బస్సులకి అంకెల ముందు ఇంగ్లీషు జెడ్ అక్షరం ఉంటుంది. ఆ జెడ్ వెనక ఒక రాజు కథ ఉంది. ఆ రాజు ఇంట్లో ఒక రోల్స్‌రాయిస్ కారు కూడా ఉండేది. ఈసారి గోడపత్రికకి ఆయన జీవితం రాస్తున్నాను. ఆయనే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, హైదరాబాదు సంస్థానానికి ఏడో నిజాం. ఆఖరి నిజాం కూడా ఆయనే.

ముందుగా ఒక చిన్న మాట. మన టి.నగర్‌లో పండగ బట్టలు కొనుక్కునే ఉస్మాన్ రోడ్డుకీ ఈయనకీ సంబంధం లేదు. అది 1934లో మద్రాసుకి కొన్నాళ్ళు తాత్కాలిక గవర్నరుగా పనిచేసిన మహమ్మద్ ఉస్మాన్ పేరు మీద ఉన్న రోడ్డు.

ఇక మన నిజాం గురించి ఫోన్లలో వచ్చే కథలు అందరూ చూసే ఉంటారు. ఒక దాంట్లో ఆయన చిరిగిన బట్టలు వేసుకునే పిసినారి. ఇంకో దాంట్లో దేశం కోసం టన్నుల కొద్దీ బంగారం ఇచ్చేసిన మహాదాత. మరో దాంట్లో ప్రజల్ని పీడించిన దొర. ముగ్గురూ ఒకే మనిషి ఎలా అవుతారు? నాకు వచ్చిన ఈ అనుమానమే ఈ వ్యాసానికి కారణం.

కారు పేరు ఎలా వచ్చింది

నిజాం కథ కన్నా ముందు ఆ కారు కథ కొంచెం చెప్పాలి. హెన్రీ రాయిస్ ఇంగ్లండులో 1863లో ఒక పిండిమర నడిపే ఇంట్లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఆ పిల్లవాడు వార్తాపత్రికలు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు, తర్వాత రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్నాడు. చార్లెస్ రోల్స్ ప్రభువుల ఇంటి బిడ్డ, కార్లంటే పిచ్చి. ఈ ఇద్దరూ 1904 మే 4న మాంచెస్టర్‌లో ఒక హోటల్లో కలుసుకున్నారు. కారు తయారు చేసేది రాయిస్, అమ్మేది రోల్స్. కంపెనీ పేరులో డబ్బున్నవాడి పేరు ముందు, పని చేసినవాడి పేరు వెనక వచ్చాయి.

1907లో వెండి రంగు వేసిన ఒక కారుని వాళ్ళు పరీక్షకి పెట్టారు. దానికి సిల్వర్ గోస్ట్ అని పేరు. అంటే వెండి దెయ్యం అన్నమాట. చప్పుడు లేకుండా వచ్చి పక్కన నిలబడుతుంది కాబట్టి ఆ పేరు. ఆ కారు 14,371 మైళ్ళు ఇంజను ఇబ్బంది వల్ల ఎక్కడా ఆగకుండా తిరిగింది. తర్వాత దాన్ని పూర్తిగా విప్పి, ఏ భాగం ఎంత అరిగిందో కొలిచి చూశారు. మార్చాల్సిన వాటి ఖర్చు రెండు పౌన్లు, పైన చిల్లర. ప్రపంచంలోకెల్లా మంచి కారు అనే పేరు దానికి అలా వచ్చింది.

పాపం, రోల్స్ ఆ పేరుని ఎక్కువ కాలం చూడలేదు. 1910లో విమాన ప్రమాదంలో చనిపోయాడు, 32 ఏళ్ళకే. అప్పటికే మన దేశపు రాజులు ఆ కారు మీద మనసు పడ్డారు. ఆ రోజుల్లో కంపెనీ ఇంజను, చట్రం మాత్రమే చేసేది. పైన బాడీని వేరే బళ్ళ కంపెనీలు కొనేవాళ్ళ కోరిక ప్రకారం కట్టేవి. మనం కొలతలిచ్చి బ్లౌజు కుట్టించుకున్నట్టే లెండి. అందుకని ఒక్కో రాజుగారి కారు ఒక్కో తీరులో ఉండేది. పరీక్షలో నెగ్గిన ఆ కారు నెమ్మదిగా హోదాకి గుర్తు అయిపోయింది. ఎంత దూరం నడుస్తుందో అడిగేవాళ్ళు తగ్గిపోయారు, ఎవరి గుమ్మం ముందు ఉందో చూసేవాళ్ళు ఎక్కువయ్యారు.

తండ్రి ఆర్డరు, కొడుకు వారసత్వం

హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఈ కారు ఒకటి ఆర్డరిచ్చారు. బార్కర్ అనే ఇంగ్లీషు కంపెనీ దానికి బాడీ కట్టింది. రంగు పసుపు, నిజాంల ఆసఫ్‌జాహీ జెండా రంగు. వెనక సీటు మామూలు సీటు కాదు. కూర్చున్న రాజుగారు జనానికి బాగా కనబడేలా సింహాసనంలాగా ఎత్తుగా కట్టారు. అందుకే దాన్ని సింహాసనం కారు అంటారు.

ఆ కారు ఎక్కే యోగం మాత్రం ఆయనకి లేదు. కారు రాకముందే 1911 ఆగస్టు 29న మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ 1886లో పుట్టినవాడు, అప్పటికి 25 ఏళ్ళు. గద్దెతో పాటు ఈ కారు కూడా ఆయనకే వచ్చింది.

ఇప్పుడు ఆ కారు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అది తన జీవితం మొత్తంలో తిరిగింది 356 మైళ్ళు అని లెక్క చెబుతారు. మన లెక్కలో 570 కిలోమీటర్ల చిల్లర. చెన్నై నుంచి హైదరాబాదు 600 కిలోమీటర్ల పైమాటే కదా. అంటే ఒక మామూలు బస్సు ఒక్క రాత్రిలో వెళ్ళే దూరం కూడా ఆ కారు నూరేళ్ళలో వెళ్ళలేదు! 14,371 మైళ్ళు నడిచి పేరు తెచ్చుకున్న కారు, మన దగ్గరికి వచ్చేసరికి పల్లకీ అయిపోయింది.

ఇక్కడే ఇంకో కథ చెప్పాలి. నిజాం రోల్స్‌రాయిస్ కార్లతో ఊళ్ళో చెత్త ఎత్తించాడని, అలా కంపెనీ పొగరు దించాడని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అచ్చం అదే కథ ఆల్వార్ రాజు గురించీ చెబుతారు, ఇంకా వేరే రాజుల గురించీ చెబుతారు. ఊరి పేరు మారుతుంది, రాజు పేరు మారుతుంది, కథ మాత్రం మారదు. చెప్పేవాళ్ళెవరూ ఆధారం చూపించరు. తెల్లవాళ్ళ రాజ్యంలో మన రాజు ఎవరైనా ఒక్కసారి వాళ్ళ మొహం మీద కొట్టినట్టు చేస్తే బాగుండునని మన పెద్దవాళ్ళకి అనిపించి ఉంటుంది. ఆ కోరికకి దొరికిన బండి ఈ కారు అని నాకనిపిస్తుంది. నిజానికి ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వాళ్ళకి నమ్మకమైన మిత్రుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళకి బోలెడు డబ్బు ఇచ్చాడు. అక్కడి వైమానిక దళంలో 110వ స్క్వాడ్రనుకి హైదరాబాదు పేరే పెట్టారు.

పిసినారితనం సంగతి

1937 ఫిబ్రవరిలో అమెరికా టైమ్ పత్రిక ఆయన బొమ్మని ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. అది ఆయన పాలనకి 25 ఏళ్ళు నిండిన సంబరాల కాలం. దాదాపు 184 కారెట్ల జాకబ్ వజ్రం ఆయన దగ్గరే ఉండేది. తండ్రి పాత చెప్పు ముక్కులో ఆ వజ్రం దొరికిందని, దాన్ని ఆయన కాగితాల మీద బరువుగా పెట్టుకునేవారని చెబుతారు. 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం నగలు కొన్నప్పుడు అది కూడా ప్రభుత్వానికి వచ్చింది.

ఇంత సంపద ఉన్న మనిషి పాత టోపీ, నలిగిన షేర్వానీ, చవక సిగరెట్లతో రోజులు గడిపాడు. సొంత వాడకానికి పాత కారే. కింగ్ కోఠీ షెడ్లలో ఖరీదైన కార్లు టైర్లలో గాలి లేకుండా పడి ఉండేవని ఆ రోజుల్లో చూసినవాళ్ళు చెప్పేవారు. ఇది విన్నప్పుడు మనకి ముచ్చటేస్తుంది, ఎంత నిరాడంబరుడు అని. కానీ ఒకటి ఆలోచించండి. వాడని కారైనా, తీయని పెట్టె అయినా, అందులో ఉన్నది ఎవరి డబ్బు? సర్ఫ్-ఎ-ఖాస్ అని నిజాం సొంత ఖర్చుల కోసం ప్రత్యేకంగా కొన్ని ప్రాంతాలు ఉండేవి. అక్కడి రైతు కట్టిన శిస్తు నేరుగా ఆయన ఖజానాకి వెళ్ళేది. తాను తినకుండా దాచినంత మాత్రాన అది తన కష్టం అయిపోదు కదా.

ఆయన కట్టించినవి

అలాగని ఆయన ఏమీ చేయలేదంటే అది అబద్ధం అవుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదులో వేల ప్రాణాలు తీసింది. అది తండ్రిగారి కాలంలో జరిగింది. మళ్ళీ అలా జరగకుండా చూసే పని కొడుకు మీద పడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఇచ్చిన సలహాల మీద 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మొదటిదాన్నే మనవాళ్ళు గండిపేట చెరువు అంటారు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడని సామెత కూడా ఉంది. 1931లో మంజీర నది మీద నిజాం సాగర్ వచ్చింది. మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఆయన కాలంలోనివే. అజంతా గుహల చిత్రాలు పాడైపోకుండా విదేశాల నుంచి నిపుణుల్ని పిలిపించారు. పుణె భండార్కర్ సంస్థ మహాభారతాన్ని పరిష్కరించి అచ్చువేస్తుంటే ఏటా 1,000 రూపాయలు పంపారు.

మనం అమ్మాయిలం కాబట్టి ఇంకో సంగతి. ఆయన రెండో కోడలు నీలోఫర్, టర్కీ రాచకుటుంబం పిల్ల. 1931లో పెళ్ళయి వచ్చింది. ఆవిడకి పిల్లలు లేరు. ఆవిడ దగ్గర పనిచేసే అమ్మాయి ఒకతె కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయింది. ఆ బాధలోంచి పుట్టిందే హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి. ఇవాళ్టికీ పేద తల్లులు పసిపిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తేది అక్కడికే.

మన భాష సంగతి

తెలుగు చదువుకునేవాళ్ళం కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. 1918లో ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించారు. ఇంగ్లీషు కాకుండా ఒక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, పైచదువులు చెప్పిన మొదటి విశ్వవిద్యాలయం అది. సైన్సు, వైద్యం, చట్టం పుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి అనువాద శాఖ ఒకటి పెట్టారు. పైచదువులు మన దేశ భాషల్లో చెప్పలేమనే వాదానికి అది గట్టి జవాబు.

కానీ ఆ సంస్థానంలో దాదాపు సగం మంది మాట్లాడేది తెలుగు. మిగతావాళ్ళలో మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్ళు ఎక్కువ. ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్ళు చాలా తక్కువ. నల్లగొండ పల్లెలో పుట్టిన పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత దూరమో ఉర్దూ కూడా అంతే దూరం. ఒకరికి మాతృభాషలో చదువు అనే వరం, అదే గీతకి ఇవతల ఉన్నవాళ్ళకి అడ్డుగోడ అయింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అంటే ఏమిటో చెన్నైలో తెలుగు చదివే మనకి ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ చిన్నచూపు దర్బారుతో ఆగలేదు. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభకి, ఆడపిల్లల కోసం విశ్వవిద్యాలయం పెట్టిన మహర్షి కర్వే అధ్యక్షులు. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే కొందరు గోల చేసి ఆపేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది, తర్వాత అదే ఆంధ్ర మహాసభ అయింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి చూపించారు. 1938లో ఉస్మానియా హాస్టళ్ళలో వందేమాతరం పాడిన విద్యార్థుల్ని బయటికి పంపేశారు. విశ్వవిద్యాలయం కట్టిందీ ఆయనే, పాట పాడినందుకు తలుపు మూసిందీ ఆయన ప్రభుత్వమే.

బండి ముందు పరిగెత్తినవాళ్ళు

పట్నంలో సింహాసనం కారు షెడ్డులో నిద్రపోతుంటే పల్లెల్లో ఏం జరిగేది? వెట్టి. దేశ్‌ముఖు దొర బండి ఎక్కితే, ఆ బండికి ముందూ వెనకా మనుషులు కాపలాగా పరిగెత్తాలి. కూలి లేదు, కాదనే హక్కు లేదు. చాకలి, కుమ్మరి, కల్లు గీసేవాళ్ళు, నేతగాళ్ళు అందరూ దొర గడీకి ఊరికే పనిచేయాలి. విసునూరు దేశ్‌ముఖు ఒక్కడికే 40,000 ఎకరాల భూమి ఉండేదట.

ఆ దొరకి ఎదురు నిలిచిన మనిషి పాలకుర్తి చాకలి ఐలమ్మ. కౌలుకి తీసుకున్న నాలుగెకరాల్లో పండిన పంటని దొర మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘం వాళ్ళ తోడుతో పంట ఇంటికి చేర్చుకుంది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి పడిపోయాడు. అక్కడి నుంచి సాయుధ పోరాటం రాజుకుంది. ఇవాళ హైదరాబాదు కోఠీలో ఉన్న మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. నిజాం రాజ్యంలో బడి ముఖం చూడని ఆడమనిషి పేరు అది.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా నిజాం భారతదేశంలో కలవడానికి ఒప్పుకోలేదు. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. ఆయన వాళ్ళని ఆపలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయారు. ఆ తర్వాత చెలరేగిన హింసలో ఏ పాపమూ ఎరగని ముస్లిం కుటుంబాలు కూడా చాలా నష్టపోయాయి. ఆ మాట కూడా చెప్పకపోతే మన కథ సగమే అవుతుంది.

చివరి రోజులు

సింహాసనం పోయాక కూడా ఆయన్ని 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉంచారు. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం ఇచ్చారు. కింగ్ కోఠీలో వేల మంది బంధువులు, ఆశ్రితులు ఆయన మీద ఆధారపడి బతికేవారు.

ఇక బంగారం కథ. 1965 యుద్ధం రోజుల్లో ఆయన దేశానికి 5 టన్నుల బంగారం దానం చేశారని చెబుతారు. జరిగింది వేరు. అది దానం కాదు, జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టుబడి. 425 కిలోలు, ఆరున్నర శాతం వడ్డీకి. అది చిన్న సంగతి అని నేను అనను. ఒకప్పుడు ఏ దేశంలో కలవనన్నాడో ఆ దేశం బాండ్ల మీద నమ్మకంతో తన బంగారం పెట్టాడు. నాకైతే ఆ దానం కథ కన్నా ఈ నిజమే ఎక్కువ ఆసక్తిగా ఉంది.

1967 ఫిబ్రవరి 24న ఆయన కింగ్ కోఠీలో కన్నుమూశారు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి పక్కనే సమాధి చేశారు. అంతిమయాత్రకి ఊరు ఊరంతా కదిలి వచ్చింది.

జెడ్ అక్షరం

ఇప్పుడు మొదట్లో చెప్పిన జెడ్ దగ్గరికి వద్దాం. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే కింద 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. మన ఆర్టీసీకి వేరు అదే. ఆ బస్సుల్ని తర్వాతి ప్రభుత్వానికి అప్పగించేటప్పుడు, వాటి నంబర్లలో తన తల్లి జహ్రా బేగం పేరులోని జెడ్ అక్షరం ఉంచమని నిజాం కోరారని చెప్పుకుంటారు. ఆ కోరిక నిజమో కథో కానీ, బస్సులు మాత్రం నిజం.

మొదట్లో నాకు వచ్చిన అనుమానానికి ఇప్పుడు నా జవాబు ఇది. పిసినారి, దాత, దొర ముగ్గురూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఒక్క మాటతో తేల్చేసే కథలే అబద్ధం. సిల్వర్ గోస్ట్‌ని పరీక్ష తర్వాత విప్పి ప్రతి భాగాన్నీ కొలిచినట్టే, పెద్దవాళ్ళ పేర్లని కూడా విప్పి కొలవాలి. అలా కొలిస్తే గండిపేట, ఆసుపత్రి, బస్సులు ఒక పక్క నిలుస్తాయి. వెట్టి, రజాకార్లు, బడిలో చోటు దొరకని తెలుగు ఇంకో పక్క నిలుస్తాయి. ఒకదాన్ని పెట్టి రెండోదాన్ని కొట్టేయలేం.

ఆ పసుపు కారులో రాజుగారు ఒక్కరే ఎత్తుగా కూర్చునేవారు. ఆయన కాలంలో మొదలైన బస్సుల్లో మాత్రం అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. సెలవులకి మాధవరంలో బస్సు ఎక్కేటప్పుడు ఒకసారి నంబరు ప్లేటు చూడండి. జెడ్ కనిపిస్తే పక్కనున్న ఫ్రెండ్‌కి ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం రెండు పక్కలూ చెప్పండి.